లస్మవ్వ ఇచ్చిన ట్రాక్టర్

"నా ట్రాక్టర్ ఏడున్నది సార్?"

జోయల్ ఫైల్లోంచి తలెత్తాడు. గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ఉంది. చేతిలో గొడుగు ఉన్నా మనిషి నిలువునా తడిసిపోయింది. కారణం కనిపిస్తూనే ఉంది. దారంతా ఆమె గొడుగు పట్టింది తనకు కాదు, చంకలో ఉన్న ఫైలుకు.

"ఏ ట్రాక్టర్ మేడం? ఆర్టీవో ఆఫీసు ఇది కాదు, అది..."

"ఆర్టీవో ఆఫీసుతోని నాకేం పని? నాకు ట్రాక్టర్ ఉన్నదని రాసింది మీరు. తీస్కపోదామని వచ్చిన. ఎర్రదా, నీలిదా? గది సుత చెప్పున్రి, తాళం చెవి నేనే దేవులాడుకుంట."

ఫైల్లోంచి ఒక ఉత్తరం తీసి టేబుల్ మీద పెట్టింది. పొడిగా, మడత నలగకుండా ఉంది. పైన 'తోవ ట్రస్టు, కరీంనగర్' అని ఉంది. కింద జోయల్ తన చేత్తో టైపు చేసిన వాక్యం ఉంది: 'మీ కుటుంబ ఆర్థిక స్థితి మా పరిమితిని మించి ఉన్నందున మీ దరఖాస్తును పరిశీలించలేకపోతున్నాము.'

తోవ అంటే కోర్టు దగ్గర జిరాక్స్ సెంటరు పైన రెండు గదులు. రిటైరైన జడ్జి ఓంప్రకాశ్ గారు తన భార్య జ్ఞాపకంగా పెట్టారు. ఆవిడ వకీలుగా ఉన్నన్నాళ్ళు పేదవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోలేదు. లా చదివి అలాంటి పనే చేస్తామనే పిల్లలకు తోవ ఆఖరి ఏడాది చదువు ఖర్చు ఇస్తుంది. ఆ తర్వాత మూడేళ్ళు బతకడానికి సరిపడా నెలనెలా స్టైపెండ్ ఇస్తుంది. ఆ మూడేళ్ళూ కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పల్లెల్లోనే పనిచేయాలి. షరతు అదొక్కటే.

"మీ పేరు?" అన్నాడు జోయల్, తెలిసిపోయినా.

"ఆరాధన. ఎల్.ఎల్.బి. ఫైనలియర్, ఈడనే కాలేజీ. ఊరు తుమ్మలపల్లె, జమ్మికుంట దగ్గర."

జోయల్ చేతిలోని ఫైలు మూసేశాడు. ఉద్యోగంలో అది అతని మొదటి విచారణ. రెండు పేజీల రిపోర్టు, హెడ్డింగుల కింద గీతలు కొట్టి మరీ రాశాడు.

"మేడం, నేను సొంతంగ ఏం రాయలే. ఊర్ల వాళ్ళు చెప్పిందే రాసిన."

"ఎవలు చెప్పిన్రు?"

"కాన్ఫిడెన్షియల్."

"లస్మవ్వనా?"

"లస్మవ్వ అని నేను అన్ననా?"

"అనలే. కానీ 'ఏ లస్మవ్వ' అని సుత అడగలే."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కింది జిరాక్స్ సెంటరతను ఎవరూ అడగకుండానే పొడి తువ్వాలొకటి పైకి పంపించాడు. ఆమె దానితో ముందు ఫైలు తుడిచి, తర్వాత తల తుడుచుకుంది.

"మా ఇల్లు చూసిన్రా సార్?"

"తాళం ఉండె. బయట నుంచి చూసిన."

"ట్రాక్టర్ కనవడ్డదా?"

"లోపల ఉన్నదేమో అనుకున్న."

"మాది రెండర్రల ఇల్లు. ట్రాక్టర్ లోపల పెడితె మేం ముగ్గురం బయట పండాలె."

జోయల్‌కు నవ్వొచ్చింది. నవ్వితే తప్పని ఆపుకున్నాడు. ఆ ఆపుకోవడం ఆమె కనిపెట్టేసింది. అయితే వెంటనే ఆమె ముఖంలో ఇంకేదో అనుమానం మెదిలింది.

"ఒక్క నిమిషం. కొమురెల్లి హోటల్ల సీతాఫలాల సంచి మర్చిపోయింది మీరేనా?"

"అవును! గది మీకెట్ల తెలుసు? నేను ఎంత దేవులాడిన్నో..."

ఆరాధన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు కదులుతున్నాయి.

"మీకు తెల్వదా సార్? మా ఊర్ల మీరు పెండ్లికొడుకు!"

---

వారం కిందట జరిగింది ఇదీ.

జోయల్‌ది ఆదిలాబాద్. ఎం.ఎస్.డబ్ల్యు. చదివి తోవలో చేరి అప్పటికి ఇరవై రోజులు. మొదటి విచారణ అని వాళ్ళమ్మ గంగుబాయి ఫోన్లోనే గద్దించి ఇస్త్రీ చొక్కా వేయించింది. హుజూరాబాద్ దాటాక రోడ్డు పక్కన ఒక ముసలమ్మ బుట్టలో చివరి డజను సీతాఫలాలు పెట్టుకుని, అవి అమ్ముడైతే ఇంటికి పోదామని ఆకాశం వైపు చూస్తోంది. మబ్బు పట్టింది. జోయల్ బేరం చేయకుండా అన్నీ తీసుకున్నాడు.

ఇక చూడండి. ఆదిలాబాద్ నంబరు బండి. ఇస్త్రీ చొక్కా. పండ్ల సంచి. కొమురెల్లి హోటల్ ముందు దిగి, చాయ్ చెప్పి, అడిగిన మొదటి మాట: "మొగిలి గారి బిడ్డ ఆరాధన ఎట్లాంటి పిల్ల?"

ఆ వైపు పల్లెల్లో సంబంధానికి వచ్చేవాళ్ళు నేరుగా పిల్ల ఇంటికి పోరు. ముందు హోటల్లో చాయ్ తాగుతారు. పక్కింటివాళ్ళను కదుపుతారు. ఎందుకొచ్చారో మాత్రం చెప్పరు. చెప్పకపోవడమే చెప్పడం.

తోవలోనూ అదే రూలు. "ఎందుకొచ్చినవో చెప్పకు. చెప్తే జనం అబద్ధం చెప్తరు" అని ఓంప్రకాశ్ గారు మరీ మరీ చెప్పి పంపారు.

కొమురెల్లి చాయ్ గ్లాసు పెట్టి, ఒక్క కేకతో పక్కింటి లస్మవ్వను పిలిచాడు. లస్మవ్వ చేటను అక్కడే వదిలేసి వచ్చి, చొక్కా చూసింది, సంచి చూసింది, బెంచీ మీద సర్దుకుని కూర్చుంది.

"పిల్లనా? బంగారం బిడ్డా! కోపం లేదు, తాపం లేదు."

"భూమి ఎంతున్నది అవ్వా?"

లస్మవ్వ కొమురెల్లి వైపు చూసింది. "రెండెకరాల తరి పొలం."

"రెండున్నర" అన్నాడు కొమురెల్లి చాయ్ వడబోస్తూ.

"బండి గిట్ల ఏమన్న?"

"ట్రాక్టర్ ఉన్నది" అంది లస్మవ్వ. అన్నాక తనకే నచ్చి, ఇంకోసారి అంది.

"మొగిలి గారు దుబాయ్ పోయొచ్చిన్రట?"

"పోయొచ్చుడేంది! గిప్పటికి సుత నెల తిరిగెటాలకు గాడికెళ్ళి పైసలస్తయి."

జోయల్ అన్నీ రాసుకున్నాడు. చివరికి అతి ముఖ్యమైన ప్రశ్న అడిగాడు. "ఆమె మూడేండ్లు ఈడనే ఉంటదా అవ్వా? మధ్యల ఇడిచిపెట్టి పోదు గదా?"

లస్మవ్వకు రోషమొచ్చింది. "మూడేండ్లేంది కొడుకా! గా పిల్ల మాటిచ్చిందంటె నిండ నూరేండ్లు ఉంటది!"

జోయల్ ఆ మాటకు కదిలిపోయాడు. 'అంకితభావం: అత్యుత్తమం' అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. వాన మొదలయ్యేలోగా బయల్దేరాలన్న తొందరలో సంచి బెంచీ మీద మర్చిపోయాడు.

పెళ్ళికొడుకు పండ్లు పెట్టి పోయాడు! సాయంత్రానికి ఊరంతా తెలిసింది.

---

"ఏడు దినాల సంది మా అవ్వ ఫోన్ ఒళ్ళె పెట్టుకొని కూసున్నది" అంది ఆరాధన. "పండ్లు పెట్టిండు గని మాట చెప్పలే అని. నన్ను చూడకుండనే కాదన్నడా అని నేను సుత జర ఫీలైన."

"సారీ మేడం."

"దేనికి సారీ? పండ్లు మంచిగున్నయి. సాక్ష్యం మొత్తం తినేసిన."

కానీ నవ్వు అయిపోయాక ఆమె ముఖం మారింది. టేబుల్ అంచును గోటితో గీస్తూ నెమ్మదిగా చెప్పింది. తండ్రి దుబాయ్ పోయిన మాట నిజమే. అక్కడ కంపెనీ పదకొండు నెలలు జీతం ఇవ్వలేదు, పాస్‌పోర్టు ఇవ్వలేదు. పనిలో పడి నడుము విరిగింది. ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నా కదలని పని, కరీంనగర్‌లో ఒక లేడీ వకీలు రూపాయి తీసుకోకుండా రాసిన ఒక్క ఉత్తరంతో కదిలింది. మొగిలి ఇంటికొచ్చాడు. అప్పుడు ఆరాధన ఇంటర్ చదువుతోంది.

"గా మేడం రాసేటప్పుడు పక్కన నిలవడి చూసిన. ఒకటే పేజీ. గసొంటి పేజీ రాసుడు నేర్సుకోవాలనే లా కు వచ్చిన."

"మరి... తోవ లేకపోతే?"

"హైదరాబాద్‌ల ఒక కంపెనీ. ఎక్కడెక్కడివో కాంట్రాక్టులు చదివి పెట్టాలె. క్లాసులు ఇడిచిపెట్టి ఒకటో తారీకుకు చేరాలె. శనివారం సాయంత్రం లోపల అవునో కాదో చెప్పమన్నరు. అవ్వ పత్తి ఏరి తెచ్చేది బాపు మందులకే సరిపోతున్నది. ఇంకో ఏడాది సదువుకుంట అంటె నా మనసు ఒప్పుకుంటది గని మా పొయ్యి ఒప్పుకోదు."

లోపలి గది తలుపు తెరుచుకుంది. ఓంప్రకాశ్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచో మరి, చూపు గోడ మీది భార్య ఫోటో మీద ఉంది.

"నలభై ఏండ్లు సాక్షుల్ని చూసిన" అన్నారాయన. "ఎందుకడుగుతున్నమో తెలిస్తెనే అబద్ధం చెప్తరనుకున్న. తెల్వకపోతే ట్రాక్టర్లే ఇస్తరని తెల్వదు. జోయల్, కమిటీ శనివారం. రేపు మళ్ళ పోయి రా."

"సార్, నేను సుత..." అంది ఆరాధన.

"నువ్వు సాక్షుల పక్కన నిలవడొద్దు బిడ్డా. రూలు."

"మా ఇంటికి నేను పోవద్దని రూలున్నదా సార్?"

ఓంప్రకాశ్ గారు కళ్ళజోడు కిందికి దించుకున్నారు. మీసం చాటున నవ్వు కనబడకుండా ఉండాలని కావచ్చు.

---

మర్నాడు జోయల్ బండి స్టార్టు కాలేదు. రాత్రంతా వానలో నానింది. జమ్మికుంట బస్సెక్కితే ముందు సీట్లో ఆరాధన.

అతను వెనకాల సీటు వెతుక్కున్నాడు. ఆమె కిటికీలోంచి చూస్తూనే, అందరికీ వినబడేలా అంది. "మీరెవరో నాకు తెల్వదు. నేనెవరో మీకు తెల్వదు."

"ఓకే మేడం."

"తెల్వనోళ్ళను మేడం అనరు."

కండక్టరమ్మ వచ్చింది. ఆరాధనకు ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టి, జోయల్ ముందు చెయ్యి చాపింది. అతని దగ్గర ఐదువందల నోటు ఒక్కటే ఉంది. ఫోన్‌తో కడదామంటే సిగ్నల్ తిరుగుతూనే ఉంది, తిరుగుతూనే ఉంది.

"పొద్దుగాల పొద్దుగాల చిల్లర ఏడికెళ్ళి తేవాలె సార్? దిగున్రి మరి" అంది కండక్టరమ్మ, దింపే ఉద్దేశమేమీ లేకుండా.

ముందు సీట్లోంచి ఒక చెయ్యి వెనక్కి వచ్చింది. అందులో అరవై రూపాయలు ఉన్నాయి.

"తెల్వని మనిషికి ఇస్తున్న" అంది ఆరాధన. "లంచం అని రాసుకుంటరేమో."

"రాస్త" అన్నాడు జోయల్.

"ఏంది?"

"రిపోర్టుల రాస్త. తీసుకున్నది తీసుకున్నట్టు రాయాలె గదా."

ఆమె మొదటిసారి వెనక్కి తిరిగి అతన్ని సరిగ్గా చూసింది. అంతలో వాన జల్లు కిటికీలోంచి కొట్టింది. ఆమె అద్దం మూయలేదు. కుడివైపంతా జమ్మికుంట యార్డుకు పోయే పత్తి బండ్లు. తుమ్మకొమ్మలకు చిక్కుకున్న పత్తి పింజెలు ఆ వానలో బరువెక్కి ఊగుతున్నాయి.

---

తుమ్మలపల్లె ఈసారి సిద్ధంగా ఉంది. ముందురోజే ఆరాధన తన తల్లి రిబ్కమ్మకు ఫోన్ చేసింది. రిబ్కమ్మ లస్మవ్వను నిలదీసింది. లస్మవ్వ, కొమురెల్లి కూర్చుని, చేసిన తప్పు దిద్దాలని తీర్మానించుకున్నారు. వాళ్ళు దిద్దిన పద్ధతే వేరు.

"పేదోళ్ళు కొడుకా! మస్తు పేదోళ్ళు!" లస్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇల్లు సుత లేదు."

"గా కనబడేది వాళ్ళ ఇల్లే గదా అవ్వా?"

"గదా? గది... గది పడిపోతది రేపో మాపో."

"భూమి?"

"భూమా? మన్ను సుత లేదు."

"మొగిలికి నడువరాదు తమ్మీ" అన్నాడు కొమురెల్లి గొంతు తగ్గించి. "మంచంల నుంచి లేవలేడు. పాపం, చాయ్ తాగి ఎన్ని దినాలాయెనో."

అప్పుడే బక్కపలచటి మనిషి ఒకాయన నడుము మీద చెయ్యి పెట్టుకుని, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ హోటల్లోకి వచ్చాడు. "కొమురెల్లీ, ఒక చాయ్. పొద్దుగాల తాగింది చాలలే."

"ఈయనెవరు?" అన్నాడు జోయల్.

"ఈయన... వేరే ఊరాయన" అన్నాడు కొమురెల్లి.

"నేనెప్పుడు ఊరు మారిన్నురా?" అన్నాడు మొగిలి.

లస్మవ్వ ఇదేదీ పట్టించుకోకుండా చివరి దెబ్బ కొట్టింది. "అసలు గా పిల్లకు సదువే రాదు బిడ్డా!"

జోయల్ పెన్ను మూత పెట్టేశాడు. నోటుబుక్కు మూసేశాడు. కాసేపు తలపట్టుకున్నాడు. ఇదే రాస్తే శనివారం పని అయిపోతుంది. వారం కిందట కోటీశ్వరులైనవాళ్ళు ఈ వారం ఇల్లు లేనివాళ్ళు ఎలా అయ్యారని కమిటీ అడుగుతుంది. అసలు ఏదీ నమ్మదు.

ఉద్యోగంలో చేరిన ఇరవై ఎనిమిదో రోజున అతను రూలు తప్పాడు.

"అవ్వా, నేను ఎందుకొచ్చిన్నో చెప్త. ఇను" అని లస్మవ్వ ముందు కింద కూర్చుని అంతా చెప్పాడు. తోవ అంటే ఏంటో, మూడేళ్ళు ఏం చేయాలో, శనివారం ఏం జరుగుతుందో. "పెండ్లి కోసం చెప్పిన మాట వద్దు. పైసల కోసం చెప్పిన మాట వద్దు. నీకు తెల్సింది చెప్పు. గంతే."

లస్మవ్వ కొంగు కొసను వేలికి చుట్టుకుంది. మొగిలి చాయ్ గ్లాసు చల్లారిపోతోంది.

"నాకు జరమొస్తె రిబ్కమ్మ పది దినాలు గంజి తాపింది" అంది చివరికి. "ఆమె బిడ్డకు సంబంధం అచ్చిందంటె, నేను నోటితోని ఒక ట్రాక్టర్ ఇయ్యనా? నాకేం ఖర్చు?"

కొమురెల్లి చల్లారిన గ్లాసు తీసి వేడి చాయ్ పెట్టాడు.

"ఇరువై గుంటల చెలక. అరెకరం మెట్ట, గది సుత రాళ్ళే. దుబాయ్ పైసలు ఒక్కటి రాలే. మొగిలి అచ్చిన దినం మేమే ఆటోల కెళ్ళి ఎత్తుకొని దించినం." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఈసారి నిజంగానే. "మరి పిల్లనా? మా చిన్నోన్ని దుబాయ్ తోలుతనని ఏజెంటు కాయితాలు తెస్తె, గీ పిల్ల గీ అరుగు మీద కూసొని ఒక్కొక్క అచ్చరం చదివింది. 'అవ్వా, గిది పని వీసా కాదు, చూసొచ్చే వీసా, అన్నను పంపకు' అన్నది. ఏజెంటు తిట్టిండు. నేను సుత తిట్టిన, మా అదృష్టానికి అడ్డం వడ్డవని. గా ఏజెంటుతోని పోయినోళ్ళు నలుగురు జైలుకు పోయిన్రు. నా కొడుకు చేన్ల ఉన్నడు, నీళ్ళు కడ్తుండు. చూస్తవా?"

జోయల్ నోటుబుక్కు తెరిచాడు. హెడ్డింగు పెట్టలేదు, గీతలు కొట్టలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. కొమురెల్లి చాయ్ డబ్బులు తీసుకోలేదు.

మొగిలి వాళ్ళింట్లో రిబ్కమ్మ పీట వేసింది. చేతులకు పత్తికాయల గీతలు. వారం రోజులు ఎదురుచూసిన పెళ్ళికొడుకు పెళ్ళికొడుకు కాడని తెలిసినా, జొన్నరొట్టె మాత్రం పెళ్ళికొడుక్కు పెట్టినట్టే పెట్టింది.

"తినున్రి సార్" అంది ఆరాధన గడప దగ్గర నిలబడి. "ట్రాక్టర్‌తోని దున్నిన జొన్నలు."

---

శనివారం పొద్దున ఓంప్రకాశ్ గారు ఆరాధనను పిలిపించారు. కమిటీ ముగిసింది. మిగిలినవాళ్ళు వెళ్ళిపోయారు. జోయల్ ఒక మూల నిలబడి సీలింగు ఫ్యానును శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"నీకు ఫెలోషిప్ ఇచ్చినం బిడ్డా" అన్నారాయన.

ఆరాధన కళ్ళు నిండాయి. తుడవడానికి తువ్వాలు లేక, ఫైలు ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకుంది. కాసేపయ్యాక ఫోన్ తీసి, హైదరాబాద్ కంపెనీకి ఒక్క లైను మెసేజ్ పెట్టింది.

"అయితె ఒక సంగతి. ఇది జోయల్ రిపోర్టు మీద ఇయ్యలే. నిన్న నేనే బస్సుల పోయొచ్చిన. లస్మవ్వను కలిసిన. ఎందుకొచ్చిన్నో ముందే చెప్పిన, తోవల గా పాత రూలు తీసేసినం. జోయల్‌ను ఎందుకు పక్కన పెట్టిన్నో తెల్వాలంటె, గిది విను."

ఆయన కాగితం తీసి కోర్టులో చదివినట్టు చదివారు.

"'ఒకటి. ప్రయాణంలో అభ్యర్థి నుండి బస్సు చార్జీ అరవై రూపాయలు తీసుకున్నాను. తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. రెండు. అభ్యర్థి ఇంట్లో రెండు జొన్నరొట్టెలు తిన్నాను. మూడు. ఈ అభ్యర్థి విషయంలో విచారణాధికారి నిష్పక్షపాతంగా ఉండలేకపోతున్నాడు. కాబట్టి దయచేసి వేరొకరిని పంపగలరు.'"

సీలింగు ఫ్యాను తిరుగుతోంది. జోయల్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆరాధన లేచి నిలబడింది. "సార్, ఈ రిపోర్టు మీద క్రాస్ ఎగ్జామినేషన్ చెయ్యొచ్చా?"

"చెయ్ బిడ్డా. నేను చాయ్ తాగొస్త." ఆయన పోతూ పోతూ తలుపు బార్లా తెరిచిపెట్టి పోయారు. గాలి రావాలని కాబోలు.

"రొట్టెలు మూడు తిన్నరు" అంది ఆరాధన. "రిపోర్టుల రెండున్నయి."

"మూడోది సగమే తిన్న."

"మూడో పాయింటు. నిష్పక్షపాతంగా ఉండలేకపోతున్నడు అంటే ఏందీ?"

"రాసింది ఉన్నది గదా మేడం."

"రాసింది కాదు, సాక్షి నోటితోని రావాలె. ఎప్పటి సంది?"

జోయల్ ఫ్యాను మీంచి చూపు దించాడు. ఆమె కళ్ళలోకి చూశాడు. "మీరు ట్రాక్టర్ ఎర్రదా, నీలిదా అని అడిగినప్పటి సంది."

ఈసారి చూపు తిప్పుకున్నది ఆమె. కిటికీ బయట చినుకులు పడుతున్నాయి. కింద జిరాక్స్ సెంటరతను టార్పాలిన్ దించుతున్నాడు.

"ఇప్పుడు నేను తోవ పైసలతోని సదువుతున్న. మీరు తోవ మనిషి. గిప్పుడు ఏమన్న మాట్లాడితె మన ఇద్దరి మీద పెండింగ్ కేసు అయితది" అంది మెల్లగా. "తీర్పు రిజర్వు చేస్తున్న. పరీక్షలయినంక చెప్త."

"అప్పటిదాక?"

"అప్పటిదాక సాక్షి ఊరు విడిచి పోవద్దు."

జోయల్ ఊరు విడిచి పోలేదు. తోవ మాత్రం విడిచాడు. మూడు నెలల్లో కరీంనగర్‌లోనే ఇంకో సంస్థలో, పింఛన్లు రాని వికలాంగుల కాగితాలు చూసే పనిలో చేరాడు. జీతం రెండువేలు తక్కువ. ఆదివారం చర్చిలో మగవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చునేవాడు. ఆరాధన ఆడవాళ్ళ వైపు మూడో వరస. పాట పుస్తకాలు ఎప్పుడూ చాలవు. ఆమె తన పుస్తకాన్ని ఒక్కోసారి మధ్యదారి దాటించి పంపేది. అందులో ఏ చీటీ ఉండేది కాదు. పాడాల్సిన పాట దగ్గర ఒక సీతాఫలం ఆకు మాత్రం ఉండేది.

---

మళ్ళీ సీతాఫలాల కాలం వచ్చింది. ఆరాధన పరీక్షలు పాసై, నల్లకోటు వేసుకుని, జమ్మికుంటలో ఒక రేకుల గదిలో దుబాయ్ కాగితాలు చదివిపెట్టే కేంద్రం తెరిచి నెలయింది. మొదటిరోజు లస్మవ్వ వచ్చి, చదివించుకోడానికి కాగితమేదీ లేకపోయినా గంటసేపు కూర్చుని పోయింది.

ఒక శనివారం తుమ్మలపల్లెలో కొమురెల్లి హోటల్ ముందు ఆదిలాబాద్ నంబరు బండి ఆగింది. జోయల్ వెనకాల కూర్చున్న వాళ్ళమ్మ గంగుబాయి పండ్ల సంచితో దిగింది. పెళ్ళినాడు బాప్తిస్మమిస్తూ పాస్టరు పేరు మార్చుకోమంటే 'నేనెవరో దేవునికి ఎర్కలేదా' అని అదే పేరుతో ఉండిపోయిన మనిషి ఆమె.

"ఆయీ, నేరుగ ఇంటికే పోదాం. వాళ్ళకు అంతా తెలుసు" అన్నాడు జోయల్.

"అరే, ఆగు! పద్ధతి పద్ధతే. పక్కింటోళ్ళను అడగకుండ పిల్లను చూస్తరా ఎవరన్న?" గంగుబాయి బెంచీ మీద కూర్చుని, చాయ్ చెప్పి, చుట్టూ చూసింది. "మొగిలి బిడ్డ ఎట్లాంటి పిల్ల?"

కొమురెల్లి చేతిలోని చాయ్ వడబోసే జాలి ఆగిపోయింది. కేకేయకుండానే లస్మవ్వ వచ్చేసింది. చొక్కా చూసింది, సంచి చూసింది, జోయల్ ముఖం చూసింది. కానీ నోరు విప్పలేదు.

"ముందుగాల గది చెప్పు కొడుకా" అంది నడుము మీద చెయ్యి పెట్టుకుని. "గిప్పుడు అడిగేది ఫెలోషిప్పుకా, పెండ్లికా?"

"పెండ్లికే అవ్వా."

లస్మవ్వ ఊపిరి గట్టిగా పీల్చుకుంది. కొమురెల్లి భయంగా ఆమె వైపే చూస్తున్నాడు.

"అయితె ఇను చెల్లే" అంది గంగుబాయితో. "ఇరువై గుంటల చెలక. రెండర్రల ఇల్లు. ట్రాక్టర్ లేదు." చెబుతుంటే ఆ చివరి మాట దగ్గర ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. "పిల్ల ఉన్నది. పిల్లకు కోపం సుత ఉన్నది, అబద్ధమెందుకు?"

"ఉండాలె. మావోనికి గదే కావాలె" అంది గంగుబాయి. తర్వాత ఊరుకోలేక మొదలుపెట్టింది. "మాకు ఆదిలాబాద్‌ల ఐదెకరాల నల్లరేగడి, రెండు జతల ఎడ్లు, ఒక ట్రాక్..."

"ఆయీ!" అన్నాడు జోయల్.

ఎదురింటి గడప దగ్గర ఎవరో పక్కున నవ్వారు. ఎప్పటి నుంచి నిలబడి వింటోందో ఆరాధన, చేతిలో పెన్ను, నోటుబుక్కు ఉన్నాయి.

"చెప్పున్రి అత్తమ్మా, రాసుకుంటున్న" అంది. "ట్రాక్టర్ ఎర్రదా, నీలిదా?"

గంగుబాయి ఆమెను పైనుంచి కిందికి చూసింది. కొడుకును చూసింది. పండ్ల సంచి ఎత్తి లస్మవ్వ చేతిలో పెట్టి, "ఎకరన్నర" అని ఒప్పుకుంది.

లస్మవ్వకు ఇంకా ఒక్క ప్రశ్న మిగిలి ఉంది. అది ఈసారి అడగాల్సింది తను. జోయల్ వైపు తిరిగింది.

"గీ పిల్ల గీడ మూడేండ్లు పని చేస్తనని సంతకం పెట్టింది. ఎవలు పిలిచినా కదలదు. మరి నువ్వు? మూడేండ్లు గీడనే ఉంటవా? మధ్యల ఇడిచిపెట్టి పోవు గదా?"

మొగిలి నడుము మీద చెయ్యితో గడప దాటి వచ్చాడు. రిబ్కమ్మ వెనకాలే నిలబడింది. ఆరాధన పెన్ను కాగితం మీద ఆగి ఉంది.

"మూడేండ్లేంది లస్మవ్వా" అన్నాడు జోయల్, ఆరాధననే చూస్తూ. "నిండ నూరేండ్లు ఉంట."

ఆరాధన ఏదో రాసింది. రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

"తీర్పు" అంది, నోటుబుక్కు మూసి గుండెకు హత్తుకుంటూ. "లోపలికి రాన్రి. రొట్టెలు చల్లారుతున్నయి. ఈసారి మూడు తిన్నా రెండని రాయొద్దు."